గుడి బోర్డు కేసు: 400 డాలర్లకూ 950 డాలర్లకూ మధ్య ఒక హేట్ క్రైమ్

కాలిఫోర్నియాలో క్రిమినల్ కేసుల్లో బాధితుల తరఫున పనిచేస్తుంటాను. ఇక్కడ కేసు నడిపేది డీఏ, అంటే కౌంటీ ప్రాసిక్యూటర్. బాధితుడు కేసులో పార్టీ కాడు. కాకపోతే 2008లో ఓటర్లు ఆమోదించిన మార్సీస్ లా తర్వాత బాధితుడికి డీఏతో మాట్లాడే హక్కు, జడ్జి ముందు తన మాట చెప్పుకునే హక్కు, నష్టపరిహారం అడిగే హక్కు రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉన్నాయి. నా పని ఆ సందులోనే. ఈ కేసులో నా క్లయింటు ఒక తెలుగువాళ్ళ గుడి కమిటీ. వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాను. సెక్షన్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

గుడి అంటే గోపురం ఉన్న గుడి కాదు. ఇండస్ట్రియల్ పార్కులో అద్దెకు తీసుకున్న గోడౌన్. పక్కన టైల్స్ షాపు, వెనక కంచె, కంచె అవతల ఇళ్ళు. కార్తీక పౌర్ణమికి జనం ఎక్కువై వెనక వీధిలో రెండు పక్కలా కార్లు పెట్టేశారు. కంచె అవతల ఇంటాయన తన కారు బయటికి తీయలేక వచ్చి గొడవపడ్డాడు. వాలంటీర్లు సారీ చెప్పి అడ్డంగా ఉన్న కార్లు తీయించారు. అక్కడితో అయిపోయిందనుకున్నారు. అర్ధరాత్రి దాటాక అతను సుత్తి, ఎర్ర పెయింట్ డబ్బా, స్ప్రే క్యాన్ పట్టుకుని వచ్చాడు. తలుపు పక్క అద్దం పగలగొట్టాడు. వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న బోర్డు మీద పెయింట్ పోశాడు. మీ దేశానికి మీరు పొండి అని ఇంగ్లీషులో గోడ మీద రాశాడు. కెమెరాలో అంతా ఉంది, ముఖంతో సహా. ఎవరు చేశారన్న ప్రశ్నే ఈ కేసులో లేదు.

నేను వెళ్ళేసరికి బోర్డు మీద పెయింట్ ఎండి పెచ్చు కట్టింది. శంఖం దగ్గర మొదలై నామాల మీదుగా కింద ఫోన్ నంబరు దాకా కారింది. ఇద్దరు ఆంటీలు బకెట్లో సబ్బునీళ్ళు కలుపుకుని, పాత తువ్వాళ్ళు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. కడగొద్దని చెప్పడానికి చాలా కష్టమైంది. "స్వామి మొహం మీద అలా ఉంటే ఎలా చూస్తాం బాబూ" అన్నారు ఒకావిడ. చివరికి మధ్యేమార్గంగా, పక్కన స్కేలు పెట్టి అన్ని వైపులా ఫోటోలు తీశాక, బోర్డు దించి శుభ్రమైన దుప్పటి చుట్టి లోపల పెట్టించాను. పోలీసులు అప్పటికే ఫోటోలు తీసుకున్నారు. కానీ నష్టం ఎంత అన్న వాదన వచ్చినప్పుడు పోలీసు ఫోటోలు సాధారణంగా సరిపోవు. అవి ఎవరు చేశారో చూపించడానికి తీసినవి.

ఆ సాయంత్రం కమిటీ మీటింగు పెట్టారు. "ఫెలొనీ పెట్టించండి లాయర్ గారూ, ఎంతైనా ఫరవాలేదు" అన్నారు అధ్యక్షులు. ఫెలొనీ అంటే ఇక్కడ పెద్ద నేరం. కోశాధికారి అప్పటికే ఒక పెయింటింగ్ కాంట్రాక్టర్‌తో మాట్లాడి, బిల్డింగు బయటంతా రంగు వేయడానికి 4,800 డాలర్ల కొటేషన్ తెచ్చారు. "నష్టం ఎంత ఎక్కువైతే కేసు అంత గట్టిది కదండీ." ఇంకొకరు, "మనం ఇక్కడ మైనారిటీ కాబట్టి ప్రొటెక్టెడ్ క్లాస్ కిందికి వస్తాం, అదొక్కటి చాలు" అన్నారు. కూతురి దగ్గరికి వచ్చిన గుంటూరు రిటైర్డ్ వకీలు ఒకాయన మూలన కూర్చుని అంతా విని, "అట్రాసిటీ కేసు లాంటిదన్నమాట" అన్నారు.

ఈ మూడు మాటల్లోనూ ఒకటే చిక్కు. ఎంత నష్టమైంది అన్నది ఒక ప్రశ్న, ఎందుకు చేశాడు అన్నది ఇంకో ప్రశ్న. చట్టం ఈ రెంటినీ కొన్నిచోట్ల విడిగా ఉంచింది, కొన్నిచోట్ల ముడేసింది. ముడి ఎక్కడ ఉందో తెలియకుండా లాగితే మొదటికే మోసం వస్తుంది.

ముందు డబ్బు సంగతి. కాలిఫోర్నియా పీనల్ కోడ్ 594 మామూలు వాండలిజం సెక్షన్, అంటే వేరేవాళ్ళ ఆస్తిని కావాలని పాడుచేయడం. నష్టం 400 డాలర్లకు తక్కువైతే మిస్డిమీనర్, అంటే చిన్న నేరం. 400, ఆపైన అయితే డీఏ ఇష్టం: ఫెలొనీగా పెట్టొచ్చు, మిస్డిమీనర్‌గానూ పెట్టొచ్చు. ఇలాంటి రెండు రకాల కేసుల్ని ఇక్కడి లాయర్లు వాబ్లర్ అంటారు. 400 అన్న ఈ హద్దు 2000లో ఓటర్లు ఆమోదించిన ప్రాప్ (ప్రొపొజిషన్) 21 ద్వారా వచ్చింది. దొంగతనానికి హద్దు 950. 2014లో ప్రాప్ 47 వచ్చినప్పుడు కూడా వాండలిజం జోలికి పోలేదు. అంటే 700 డాలర్ల ఫోన్ మొదటిసారి కొట్టేసినవాడిది మామూలుగా మిస్డిమీనర్, అదే ఫోన్ కోపంతో నేలకేసి కొట్టినవాడి మీద ఫెలొనీ పెట్టే వీలుంది. మన కుర్రాళ్ళకు ఇది చెబితే నమ్మరు. రూమ్మేట్ కారు మీద తాళంచెవితో గీత గీస్తే ఏమవుతుందిలే అనుకుంటారు. కారు తలుపుకు రంగు వేయించే బిల్లు ఒక్కసారి చూస్తే తెలుస్తుంది.

పూజాస్థలం అయితే లెక్క మారిపోతుంది. 594.3 సెక్షన్లో డాలర్ల ఊసే లేదు. గుడి, చర్చి, మసీదు, సినగాగ్, శ్మశానం, ఏదైనా సరే, అక్కడ తెలిసి వాండలిజం చేస్తే పది డాలర్ల నష్టమైనా వాబ్లరే. అదే సెక్షన్లో (బి) భాగం ఇంకా గట్టిది. అది హేట్ క్రైమ్, అంటే మతం, జాతి లాంటి లక్షణం మీద ద్వేషంతో చేసిన నేరం అని, జనం తమ మతాన్ని స్వేచ్ఛగా ఆచరించకుండా బెదిరించి ఆపాలనే ఉద్దేశంతో చేశాడని రుజువైతే సూటిగా ఫెలొనీ. మిస్డిమీనర్‌కు దించే వీల్లేదు.

కాబట్టి కోశాధికారి గారి 4,800 డాలర్ల కొటేషన్ మాకు అవసరమే లేదు. పైగా ప్రమాదం. గోడ మీద రాత ఉన్నది ఒక పక్కన, మనిషి ఎత్తు మేర. దానికి బిల్డింగంతా రంగు వేయిస్తామంటే, క్రాస్ ఎగ్జామినేషన్లో డిఫెన్స్ లాయరు మొదట అడిగేది అదే. నష్టం పెంచి చెప్పినవాళ్ళు అతని మాటల్ని కూడా పెంచి చెప్పరని ఏంటి నమ్మకం అని జ్యూరీకి అనిపిస్తే, ఇక మిగతా సాక్ష్యం అంతా నీరుగారిపోతుంది. ఆ కొటేషన్ పక్కన పెట్టించి, దేనికి దానికి విడిగా బిల్లులు తెప్పించాను. బోర్డు 620, అద్దం 340, గోడకు ఆ భాగం వరకు రంగు 180. మొత్తం 1,140.

ఇక రెండో ప్రశ్న, ఎందుకు చేశాడు.

ప్రొటెక్టెడ్ క్లాస్ అంటే రక్షణ ఉన్న మనుషుల జాబితా అని చాలామంది అనుకుంటారు. కాలిఫోర్నియాలో 422.55 సెక్షన్ చెప్పేది మనుషుల గురించి కాదు, లక్షణాల గురించి: వైకల్యం, జెండర్, జాతీయత, జాతి లేదా ఎత్నిసిటీ, మతం, లైంగిక ధోరణి, ఇలాంటివాళ్ళతో సంబంధం ఉండటం. మతం కారణంగా గుడి మీద దాడి చేసినా, చర్చి మీద దాడి చేసినా సెక్షన్ ఒకటే. తెల్లవాడి మీద నల్లవాడు జాతి కారణంగా దాడి చేసినా ఒకటే. శిక్ష పెంచడం రాజ్యాంగబద్ధమేనని 1993లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పిన విస్కాన్సిన్ వర్సెస్ మిచెల్ కేసులో నిందితుడు నల్లజాతి యువకుడు, దెబ్బలు తిన్నది తెల్ల కుర్రాడు. "మనం మైనారిటీ కాబట్టి" అన్న వాదన కోర్టులో ఎక్కడా పనికిరాదు. పనికొచ్చేది ఒక్కటే: అతను ఈ పని మన మతం లేదా జాతీయత కారణంగా చేశాడని చూపగలమా?

గుంటూరు వకీలు గారికి తేడా అక్కడే చెప్పాను. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ నిరోధక చట్టం ఒకవైపే నడుస్తుంది. బాధితుడు ఎస్సీ లేదా ఎస్టీ అయి ఉండాలి, నిందితుడు కాకూడదు. చరిత్రను బట్టి రాసిన చట్టం, అలా ఉండటంలో అర్థముంది. ఆ చట్టంలో వాళ్ళ ఇంటినో, పూజాస్థలాన్నో నిప్పుతో, పేలుడు పదార్థాలతో నాశనం చేస్తే యావజ్జీవ శిక్ష ఉంది, నష్టం విలువతో పని లేదు. ఆయన నవ్వి, "మన దగ్గర ఐపీసీ 427 లో 50 రూపాయలు ఉండేది, నా సర్వీసంతా ఆ 50తోనే అయిపోయింది" అన్నారు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 324 కింద 20,000 నుంచి లక్ష లోపు ఒక మెట్టు, లక్ష, ఆపైన ఇంకో మెట్టు. గుడినో మసీదునో అపవిత్రం చేసే పాత 295 లో మాత్రం అప్పుడూ రూపాయల లెక్క లేదు, ఇప్పటి 298 లోనూ లేదు. ప్రార్థనాస్థలానికి జరిగిన అవమానాన్ని డబ్బుతో కొలవకూడదన్న సంగతి రెండు దేశాల చట్టాలకూ తట్టింది.

అమెరికా ఫెడరల్ చట్టం కూడా ఆలస్యంగా ఆ దారికే వచ్చింది. 1988 నాటి చట్టంలో 10,000 డాలర్లు దాటితేనే కేసు అనే షరతు ఉండేది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివాళ్ళ చర్చీలు వరసగా తగలబడ్డాక 1996లో దాన్ని తీసేశారు. "ఎఫ్‌బీఐకి చెబుదామా" అని మీటింగులో అడిగారు. చెప్పడంలో తప్పులేదు, చెప్పాం కూడా. కానీ ఒంటికి దెబ్బ తగలని, నిప్పో ప్రమాదకరమైన ఆయుధమో వాడని కేసులో ఆ చట్టం కింద ఫెలొనీ కావాలంటే, 2018 సవరణ ప్రకారం నష్టం 5,000 డాలర్లు దాటాలి. మాది రాష్ట్ర కోర్టులో తేలాల్సిందే.

సాక్ష్యం దగ్గర విషయం అంత తేలిక కాలేదు. గోడ మీద రాత మాకు అనుకూలం. పక్కనే ఉన్న టైల్స్ షాపు అద్దం ముట్టుకోకుండా నేరుగా గుడి తలుపు దగ్గరికే రావడం అనుకూలం. తమ్ముడికి పంపిన మెసేజిలో "వీళ్ళు వచ్చాక వీధి వీధిలా లేదు" అనడం కొంత అనుకూలం. కానీ సిటీకి అతను పంపిన ఫిర్యాదులన్నీ తెప్పిస్తే, మొదటివి గుడి మీద కాదు, టైల్స్ షాపు లారీల మీద. గుడి మీద పెట్టినవి కూడా పార్కింగ్, చప్పుడు గురించే. చివరి వాటిలో మాత్రం భాష మారింది. కార్ల గురించి కాక, మనుషుల గురించి, తినే తిండి వాసన గురించి రాశాడు.

అంటే రెండు కారణాలు కలిసి ఉన్నాయి. చట్టం దీన్ని ముందే ఊహించింది. నేరం పూర్తిగానో, కొంత మేరకో పక్షపాతం వల్ల జరిగితే చాలు. అనేక కారణాలున్నప్పుడు పక్షపాతం వాటిలో ఒక గణనీయమైన కారణం అయి ఉండాలి, అన్నిటికన్నా పెద్ద కారణం కానక్కర్లేదు. 1995లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నుంచి ఆ మాట 422.56 లోకి వచ్చింది. పార్కింగ్ కోపం అబద్ధమని మేము చూపనక్కర్లేదు. ఆ కోపం నిజమే, కమిటీ కూడా ఒప్పుకుంది. కోపం ఒక్కటే అయితే కార్ల అద్దాలు పగిలేవి, స్వామి బోర్డు మీద పెయింట్ పడేది కాదని మా వాదన.

డీఏ ఆఫీసు మొదట 594.3(బి) ఫెలొనీ, దానితోపాటు 594 ఫెలొనీ పెట్టింది. నాకు (బి) మీద అనుమానమే. మతాన్ని ఆచరించకుండా జనాన్ని ఆపాలన్న ఉద్దేశం అంటే, ద్వేషం ఉందని చూపడం కంటే ఎక్కువ చూపాలి. అదీ జ్యూరీ ముందు, సందేహానికి తావు లేకుండా. 2000లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన అప్రెండీ తీర్పు తర్వాత జడ్జి తనంతట తాను పక్షపాతం ఉందని నిర్ణయించి గరిష్ఠ శిక్ష పెంచడానికి వీల్లేదు. ఆ కేసు కూడా ఆస్తి మీద దాడిదే: న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్‌లో, చుట్టూ తెల్లవాళ్ళే ఉండే వీధిలోకి కొత్తగా వచ్చిన నల్లజాతి కుటుంబం ఇంటి మీద నిందితుడు తుపాకీ పేల్చాడు.

డిఫెన్స్ మూడు వైపుల నుంచి వచ్చింది. ఒకటి, ఇది గుడే కాదట. సిటీ పర్మిట్లో కమ్యూనిటీ సెంటర్ అని ఉంది. దీనికి మా దగ్గర మంచి జవాబే ఉంది: రోజువారీ పూజల పట్టిక, అర్చన రసీదు పుస్తకాలు, అన్నిటికన్నా ముఖ్యంగా పూజారి గారి ఆర్-1 వీసా కాగితాలు. మతపరమైన ఉద్యోగానికే ఇచ్చే వీసా అది. ఆ వాదన మళ్ళీ ఎత్తలేదు.

రెండోది, బోర్డు ధర. బోర్డుకు ఒక మూల ముందే పగులు ఉంది, ఎండకు రంగు వెలిసింది, కాబట్టి 620 కాదు 300 అన్నారు. అలా అయితే మొత్తం 820. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది. కానీ డీఏ ఇంకో దారిగా పెట్టుకున్న 422.7 కింద, మామూలు మిస్డిమీనర్ హేట్ క్రైమ్ ఫెలొనీ కావాలంటే ఆస్తి నష్టం 950 డాలర్లు దాటాలి. అంటే ద్వేషం ఎంత అన్నది, చివరికి బోర్డు మూల పగులు ఎన్నేళ్ళ నాటిదన్న దగ్గర ఆగింది. చట్టసభ ఈ 950ని తీసేయాలని నా గట్టి అభిప్రాయం. ఖరీదైన బోర్డు పెట్టుకున్న గుడికి ఒక న్యాయం, ఫ్లెక్సీ కట్టుకున్న గుడికి ఇంకో న్యాయం ఏంటి? ఇదే ఆంటీలకు చెబితే, "మాది ఫ్లెక్సీ కాదు, అక్రిలిక్" అన్నారు.

మూడోది వాక్ స్వాతంత్ర్యం. గోడ మీద మాటలకు శిక్ష వేయడం కుదరదన్నారు. మాటలకే శిక్ష అయితే నిజమే. 1992 నాటి ఆర్.ఏ.వి. కేసులో సెయింట్ పాల్‌లో ఒక నల్లజాతి కుటుంబం పెరట్లో శిలువ తగలబెట్టిన కుర్రాడి మీద వాడిన సిటీ ఆర్డినెన్సును, అంటే ద్వేషం రేపే గుర్తులు పెట్టడం నేరమన్న స్థానిక చట్టాన్ని, సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ అదే తీర్పు, తగలబెట్టినందుకు, ఆస్తి పాడుచేసినందుకు, బెదిరించినందుకు మామూలు చట్టాలు ఉన్నాయి కదా, అవి వాడుకోవచ్చు కదా అని కూడా చెప్పింది. మా కేసులో నేరం పగిలిన అద్దం, పెయింట్ పోసిన బోర్డు. రాత అనేది ఎందుకు చేశాడన్న దానికి సాక్ష్యం. ఈ తేడాను కమిటీలో అందరికన్నా త్వరగా పట్టుకున్నది కాలేజీ చదివే వాలంటీరు అమ్మాయి.

ఏ నేరం ఒప్పుకుంటాడన్న బేరం మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. అతనికి జైలు భయం పెద్దగా లేదు. మొదటి నేరం, వయసు యాభై దాటింది, ఎవరూ ఏళ్ళకేళ్ళు లోపల వేయరని అతని లాయరుకూ తెలుసు. అతను వేటకు వెళ్తాడు, ఇంట్లో తుపాకులున్నాయి. ఫెలొనీ పడితే జీవితాంతం తుపాకీ ఉండకూడదు. 422.6 కింద మిస్డిమీనర్ హేట్ క్రైమ్ అయినా 10 ఏళ్ళు ఉండకూడదు. 594.3(ఎ)ను మిస్డిమీనర్‌కు దించి ఒప్పుకుంటే మాత్రం ఆ ఇబ్బంది లేదు. డిఫెన్స్ అడిగింది సరిగ్గా అదే. మా కమిటీకి ముఖ్యమైనదీ సరిగ్గా అదే. కంచె అవతల ఇంట్లో తుపాకులు ఉన్నాయని తెలిశాక, సాయంత్రం పిల్లల్ని బాలవిహార్‌కు పంపడం మానేసిన తల్లులున్నారు. ఫెలొనీ అన్న పేరు మీద పంతం వదిలేసి, 422.6 మీద పట్టుబడదామని చెప్పాను. అధ్యక్షులు రెండు మీటింగుల దాకా ఒప్పుకోలేదు. "ఫెలొనీ అయితే జీవితాంతం పోతాయి కదా తుపాకులు" అన్నారు. పోతాయి, గెలిస్తే. ఓడితే ఏమీ పోవు.

ఇంకో లెక్క కూడా ఉంది. 2021 నుంచి మిస్డిమీనర్ కేసుల్లో డీఏ వద్దన్నా జడ్జి డైవర్షన్ ఇవ్వొచ్చు. షరతులు పూర్తిచేస్తే కేసే ఉండదు. అందుకని ఫెలొనీ ఛార్జి నిలబడి ఉండగానే ఒప్పందం కుదరాలి. ముందే దించేస్తే మా చేతిలో పట్టు ఉండదు.

నష్టపరిహారం దగ్గర నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన చర్చ జరిగింది. పూజారి గారు సంప్రోక్షణ చేయాలన్నారు. దానికి 501 డాలర్లు అయింది. అది నష్టంలోకి వస్తుందా? నేరం ఏ స్థాయిదో తేల్చే లెక్కలోకి రాదు, అక్కడ చూసేది వస్తువుకు జరిగిన నష్టమే. కానీ 1202.4 కింద ఇచ్చే రెస్టిట్యూషన్ వేరు. నేరం వల్ల బాధితుడికి కలిగిన ఆర్థిక నష్టం అంతా అందులో అడగొచ్చు. ఆ గుడిలో మళ్ళీ పూజ మొదలుపెట్టడానికి సంప్రోక్షణ తప్పనిసరి అని పూజారి గారితో అఫిడవిట్ రాయించి, ఏ ద్రవ్యానికి ఎంత అయిందో రసీదులు జతచేశాను. కలశాలు, పాలు, తేనె, దర్భలు, దక్షిణ. డిఫెన్స్ మొదట మత కర్మకు మేమెందుకు కట్టాలి అంది. తర్వాత ఒప్పందంలో భాగంగా ఒప్పుకుంది. కాబట్టి దీని మీద జడ్జి తీర్పేమీ లేదు. వేరే గుళ్ళవాళ్ళు దీన్ని చూపించి కోర్టు ఒప్పుకుందని చెప్పకూడదు.

చివరికి అతను 422.6(బి), 594 రెండూ మిస్డిమీనర్లుగా నేరం ఒప్పుకున్నాడు. ఏడాది ప్రొబేషన్, సమాజ సేవ, పక్షపాతం మీద క్లాసులు, 1,641 డాలర్ల పరిహారం. అందులో 340 గోడౌన్ ఓనరుకు, ఎందుకంటే అద్దం ఆయనది. తుపాకులు అప్పగించాడు. దూరంగా ఉండాలన్న ఆర్డరు రాయడానికే సగం పూట పట్టింది. మామూలుగా వంద గజాలు అని రాస్తారు. అతని ఇల్లే ఆ వంద గజాల్లో ఉంది. కంచె గీతను హద్దుగా పెట్టి, ప్లాను మీద గీసి ఆర్డరుకు జతచేశారు. కోశాధికారి గారికి ఈ తీర్పు ఇప్పటికీ నచ్చలేదు. నాతో బాగానే మాట్లాడతారు, ఆ విషయం మాత్రం ఎత్తరు.

కేసు ముగిశాక ఇలాంటి ప్రశ్నలతో ఫోన్లు పెరిగాయి. ఎక్కువగా వచ్చేది ఒకటే: ఇండియన్ స్టోర్ పార్కింగులో గొడవై, కులం పేరుతో తిట్టి కారు అద్దం పగలగొడితే అది హేట్ క్రైమా? 422.55 జాబితాలో కులం లేదు. జాతి, ఎత్నిసిటీ నిర్వచనంలో వంశపారంపర్యం ఉంది. కులాన్ని అందులో భాగంగా విడిగా రాయాలన్న ఎస్‌బీ 403 అనే రాష్ట్ర బిల్లు వివక్ష చట్టాలకు సంబంధించినది. దాన్ని 2023 అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేస్తూ, ఉన్న చట్టాలే దీనికి వర్తిస్తాయన్నారు. కాబట్టి గట్టి సాక్ష్యం ఉంటే వంశపారంపర్యం అన్న మాట మీద వాదించమని డీఏకి నేను చెబుతాను. పార్టీ జెండా కట్టిన కారు పగలగొడితే అంటారా, రాజకీయ పార్టీ కాలిఫోర్నియా జాబితాలో లేదు. వాషింగ్టన్ డీసీ చట్టంలో ఉంది. లూసియానా 2016లో పోలీసుల్నీ, ఫైర్ సిబ్బందినీ చేర్చుకుంది. ఉద్యోగాన్నీ పుట్టుకనూ ఒకే గాట కట్టడం నాకు నచ్చదు, పోలీసు మీద దాడికి విడిగా శిక్షలు ఎటూ ఉన్నాయి. ఏ రాష్ట్రంలో ఉన్నారో ముందు చెప్పండి అని అడిగాకే జవాబిస్తాను. ఆ తర్వాతి ప్రశ్న, అద్దం బిల్లు దాచారా అని.